పెరటి కోడికి మెతుకొక్కటే చాలదు

హైదరాబాదు నుండి నర్సాపురము మీదుగా మెదకునకు పోవు రహదారిపై, వెనుకకు చూచినచో బొల్లారము, గడ్డపోతారము, కాజీపల్లి కర్మాగారముల పొగగొట్టములును, ముందుకు చూచినచో నర్సాపురపు అడవి అంచులును ఉన్న తావున వెలసిన గుమ్మడిదల, 2016వ సంవత్సరమున జిన్నారము నుండి విడివడి మండల కేంద్రమైన నాటి నుండి పల్లె లక్షణములను ఒక్కొక్కటిగా వదలుకొనుచున్నను, పెరటి కోడిని మాత్రము ఇంకను వదలుకొనలేదు. ఒకప్పుడు జొన్నచేలుండిన చోట నేడు ప్లాట్ల హద్దురాళ్లు నిలిచినవి. బీహారు నుండియు, ఒడిశా నుండియు వచ్చి కంపెనీలలో పనిచేయు కార్మికులకు అద్దె గదులు వరుసలుగా లేచినవి. అయినను ఆ గదుల వెనుక సందులో, నీళ్లు పారు మోరీ ప్రక్కన, నాలుగు పెట్టలును ఒక పుంజును నేల గీరుకొనుచునే యున్నవి. ఈ కోళ్లకు చవకగా మేత సమకూర్చుట ఎట్లను ప్రశ్న గృహిణుల చేతిలో వదలివేయదగిన చిన్న విషయముగా మన పాలకులకు తోచుచున్నది. నాకట్లు తోచుట లేదు.

వెనుకటి దినములలో ఊరకోడికి మేతఖర్చు అనునది లేదని మన పెద్దలు చెప్పుదురు. అది నిజమే. అయితే ఆ మేత ఎక్కడినుండి వచ్చుచుండెనో విచారించినవారు అరుదు. ఇంట మిగిలిన సద్దన్నమే కోళ్లను సాకినదని మనమందరము నమ్ముచున్నాము. ఏలయన మన చేతులతో చల్లినది అదియొక్కటే గనుక మన కంటికి అదియే కనబడినది. మన కంటికి కనబడనిది పెంటకుప్ప. ప్రతి యింటి వెనుక ఎడ్లకొట్టమును, దాని ప్రక్కన పేడయు చెత్తయు మురిగి పురుగు పట్టిన కుప్పయు ఉండిన కాలమున, కోడి తెల్లవారి గంప ఎత్తగానే నేరుగా అచ్చటికే పోయి, రెండు కాళ్లతో ఎగజిమ్మి, తెల్లని పురుగులను, వానపాములను, పేడపురుగులను ఏరుకొని తినుచుండెను. కళ్లమున రాలిన జొన్నగింజ, గట్టుమీద లేత గరిక, వాన వెలిసిన పిదప ఎగురు ఉసిళ్లు, పగిలిన గవ్వ, సున్నపురాయి ముక్క, ఇవన్నియు దాని భోజనములో చేరినవే. మనము చల్లిన మెతుకులు ఆ విందులో ఒక అంశము మాత్రమే. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయినవి; ఎడ్లతో పేడ పోయినది; పేడతో పురుగు పోయినది; కళ్లమున్న చోట సిమెంటు పరచితిమి. మిగిలినది మెతుకు. కోడి మేతలో సారమంతయు హరించిపోయి నింపుడు సరుకు మాత్రము నిలిచినదన్న సంగతిని ఎవ్వరును గుర్తింపక, నేటి కోడి వెనుకటి కోడివలె గ్రుడ్లు పెట్టుట లేదని, జాతి చెడిపోయినదని నిందించుచున్నారు.

లెక్క కట్టి చూచినచో ఈ విషయము విశదమగును. వండిన అన్నము నూరు గ్రాములలో ఉండు మాంసకృత్తులు సుమారు రెండున్నర గ్రాములు. ఒక్క గ్రుడ్డులోనే ఆరు గ్రాముల మాంసకృత్తులుండును; అట్టి గ్రుడ్డును దినమున కొకటిగా పెట్టవలెనన్న, తన దేహపోషణముతో కలిపి, పెట్టకు దినమునకు సుమారు 15 గ్రాములు కావలెను. అన్నము వలననే అంతయు రావలెనన్నచో అది ఆరువందల గ్రాముల అన్నము తినవలెను. ఒకటిన్నర కిలోల బరువు గల పక్షి అంత తినజాలదు. ఇక గ్రుడ్డు పెంకు సంగతి: ప్రతి పెంకులోను రెండు గ్రాముల వరకు కాల్షియము ఉండగా, అన్నములో అది దాదాపు శూన్యము. బయట దొరకనప్పుడు పెట్ట తన యెముకలలోని సున్నమును కరగించి పెంకు కట్టును. కొన్నాళ్లకు తోలు గ్రుడ్లు పెట్టును. ఆపై కాళ్లు చచ్చుబడి కూలబడును. మెతుకు పొయ్యిలోని కట్టె వంటిది. వేడిమి నిచ్చును గాని గోడ కట్టదు. అన్నము తిని కోడి బలియును, క్రొవ్వు పట్టును, గ్రుడ్డు మానును.

ఈ శాస్త్రమును పుస్తకము లేకుండ ఎరిగినవారు మన పల్లెలలో ఇంకను ఉన్నారు. ఈ మండలములోని నల్లవల్లి వైపు ఒక వృద్ధురాలు సాయంసమయమున కోళ్లను గంప క్రిందికి చేర్చుచు, ఒక్కొక్కదానిని పట్టి మెడ క్రింది సంచిని రెండు వ్రేళ్లతో ఒత్తి చూచుట నేను గమనించితిని. గింజ తిన్న సంచి గట్టిగా, గులకలు నిండినట్లుండును. అన్నము తిన్న సంచి పిండిముద్దవలె మెత్తగా నుండును. ఖాళీ సంచి చర్మమువలె వ్రేలాడును. ఆమె చేతికి ఈ మూడింటి భేదము దీపము లేకయే తెలియును. అడుగగా ఆమె చెప్పిన మాట ఇది: “మెతుకులు తింటే బలుస్తది గానీ గుడ్డు వెడ్తదా బిడ్డా? పురుగు దొరకాలె.” ఆ పురుగు కొరకు ఆమె చేయు ఉపాయము, మన తాతల నాటిదే. పగిలిన పాతకుండలో ఎండుపేడ, గడ్డి, చినిగిన గోనెపట్ట ముక్క కుక్కి, నీళ్లు చల్లి, చెదలు పట్టిన నేలపై సాయంకాలము బోర్లించును. తెల్లవారి ఆ కుండను తెచ్చి పిల్లలకోడి ముందర దులుపును. తెల్లని చెదపురుగులు రాలుటయే తడవు, పిల్లలు ఒకదానిపై నొకటి పడి ఏరుకొనును. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో, బుర్కినా ఫాసో దేశముల రైతులును సరిగా ఇదే రీతిని కుండలు బోర్లించి కోడిపిల్లలకు చెదలు పట్టుదురు. పొదిగిన తరువాత మొదటి వారములలో పిల్లకు మేతలో ఇరువది పాళ్ల మాంసకృత్తులు కావలెను గనుక, ఆ దినములలో దోసెడు చెదలు తవ్వెడు నూకల కంటె మేలు చేయును.

మెతుకు చాలదన్నంత మాత్రమున దుకాణమునకు పోయి ఫారము దాణా బస్తా కొనుట తప్ప గత్యంతరము లేదని కొందరు తీర్మానించుచున్నారు. అదియు పొరపాటే. 1971లో డాక్టరు బండా వాసుదేవరావు వెంకటేశ్వర హాచరీసును స్థాపించిన పిదప, 1982లో ఆయన పూనికతోనే జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడిన పిదప, మన దేశమున కోళ్ల పరిశ్రమ పెరిగిన తీరు అద్భుతమే. పేదవాని కంచములోనికి గ్రుడ్డును తెచ్చిన ఘనత దానికి దక్కవలసినదే. కాని ఆ పరిశ్రమ దాణా పంజరములో కదలక నిలిచి సంవత్సరమునకు మూడువందల గ్రుడ్లు పెట్టు పక్షికై కూర్చబడినది. అరువది డెబ్బది గ్రుడ్లు పెట్టు నాటుపెట్టకు ఆ దాణాయే పూర్తిగా పెట్టినచో, ఇంటి గ్రుడ్డు అంగడి గ్రుడ్డు కంటె ఎన్నో రెట్లు ప్రియమగును. పైగా ఆ దాణాలో సగమునకు మించి మక్కలే. ఆ మక్కలను నేడు ఇథనాల్ కర్మాగారములు కూడ పోటీపడి కొనుచున్నవి. ఒకనాడు మక్కలను ఎగుమతి చేసిన మన దేశము 2024లో దిగుమతి చేసుకొనవలసి వచ్చినది. ఈ పోటీలో పది కోళ్ల యజమానురాలు గెలుచుట కల్ల.

కావున మెతుకును పారవేయవలదు, బస్తాను మోయవలదు. మెతుకులో లేనిదానిని మాత్రమే విడిగా సమకూర్చవలెను. నా వాదమంతయు ఇంతే. ఇంటనే కలుపుకొనదలచిన వారికి ఒక కొలత చెప్పెదను. పది కిలోల దాణాకు మక్కలో, జొన్నలో, నూకలో ఐదు కిలోలు. తవుడు రెండు కిలోలు. పల్లిచెక్క గాని సోయాచెక్క గాని రెండు కిలోలు. దంచిన ఎండుచేప అరకిలో. గ్రుడ్డు పెంకుల పొడి గాని గవ్వల నూక గాని సున్నపురాయి నూక గాని అరకిలో. ఇందులో మాంసకృత్తులు పదునేడు పాళ్ల వరకు తేలును. అవి గ్రుడ్లపెట్టకు సరిపోవును. బయట తిరిగి మేయు కోడికి దీనిని సాయంకాలము నలుబది గ్రాములు, అనగా ఒక పిడికెడు, పెట్టినచో చాలును. తక్కినది తిరిగి ఏరుకొనుటవలనను, ఇంటి మెతుకు వలనను నిండును. ఎండుచేప ఉప్పుదైనచో నానబెట్టి కడిగి ఎండబెట్టవలెను, వేరుగా ఉప్పు చేర్చరాదు. తవుడు నెల దాటినచో నూనె చేదెక్కి కంపు కొట్టును. మిల్లులో కొద్దికొద్దిగా తెచ్చుకొనుట మేలు. గ్రుడ్డు పెంకులను పెనము మీద వేయించి బాగుగా నలుగగొట్టి పెట్టవలెను. పెంకు పెంకుగా పెట్టినచో కోడి తన గ్రుడ్డునే పొడిచి తిన నేర్చును.

మక్కలకు బదులు జొన్నలు, సజ్జలు వాడుట ఈ ప్రాంతమునకు మరింత సహజము. పటాన్‌చెరువునందే 1972 నుండి ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, పల్లి పంటలపై పరిశోధన సాగించుచున్నది; ప్రపంచమునకు మెట్టపంటల విద్య నేర్పు ఆ క్షేత్రము మన వాకిటనే యున్నది. మక్కలలో తొమ్మిది పాళ్లు మాంసకృత్తులుండగా సజ్జలలో పదునొకటి వరకు ఉండును. తెల్లజొన్న కోడికి నిరపాయముగా అరుగును. సజ్జ పండించుకొను రైతు కోళ్లకై మక్కలు కొనుట దండుగ.

పల్లిచెక్క విషయమున మాత్రము గట్టిగా హెచ్చరింపవలసి యున్నది. 1960లో ఇంగ్లాండులో కొద్ది నెలల వ్యవధిలోనే లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినవి. వెదకగా, బ్రెజిలు దేశమునుండి వచ్చిన పల్లిచెక్కపై పెరిగిన బూజు విషమే హేతువని తేలినది. అఫ్లాటాక్సిను అను ఆ విషము లోకమునకు తెలిసినది అప్పుడే. చవకగా వచ్చినదని బూజుపట్టిన చెక్కను, నల్లబడిన మక్కలను, వానలో తడిసిన నూకలను కోళ్లకు పెట్టువారు దీనిని మరువరాదు. మనిషి తినరాని బూజు కోడియు తినరాదు.

అజొల్లా అను నీటి మొక్క గూర్చి ఈ మధ్య చాల ప్రచారము సాగుచున్నది. ఎండిన అజొల్లాలో నాలుగవ వంతు మాంసకృత్తులున్న మాట వాస్తవమే గాని, పచ్చి అజొల్లాలో తొంబది పాళ్లకు మించి నీరే యుండును. కిలో పచ్చి అజొల్లా వలన దక్కునది పన్నెండు నుండి పదునైదు గ్రాముల మాంసకృత్తులు మాత్రమే. అది మంచి కూర, దాణాకు బదులు కాదు. పెరటి మునగాకు, తోటకూర కాడలు కూడ అట్టివే. పచ్చసొనకు రంగు నిచ్చును, విటమినుల నిచ్చును, వానిని తప్పక పెట్టవలెను.

ఇక కంపెనీ క్యాంటీనులలోను, ఫంక్షన్ హాళ్లలోను మిగులు అన్నము సంగతి. అంత అన్నము మట్టిపాలగుట చూచి మనసు కలుక్కుమనని వారుండరు. దానిని కోళ్లకు చేర్చిన చేర్చవచ్చును. కాని ఆ పూటదై యుండవలెను, ఊరగాయ ఉప్పును మసాలా నూనెయు కలియనిదై యుండవలెను, మాంసపు ముక్కలు అసలే ఉండరాదు. 2001లో గాలికుంటు వ్యాధి చెలరేగిన తరువాత ఇంగ్లాండు ప్రభుత్వము వంటింటి మిగుళ్లను కోళ్లకు, పందులకు పెట్టుటను నిషేధించినది. అంత కఠిన నియమము మనకు వలదందును గాని, దాని వెనుకనున్న భయము నిరాధారమైనది కాదు. ముఖ్యముగా చికెన్ దుకాణముల వ్యర్థములను సంచులలో కట్టి ఊరి వెలుపల రోడ్డు ప్రక్కన విసరి పోవు దురాచారము ఈ మార్గమున పెచ్చు పెరిగినది. చచ్చిన కోడి పేగులను బ్రతికిన కోడి పొడిచి తినుట కొక్కెర రోగమును వేగముగా వ్యాపింపజేయు దారి. దీనిని అరికట్టుట గృహిణి వలన కాదు, స్థానిక సంస్థ వలన కావలెను.

ఈ ప్రాంతమునకే ప్రత్యేకమైన మరియొక చింత కలదు, దానిని దాచుట ద్రోహము. పటాన్‌చెరువు–బొల్లారము ప్రాంతమును 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని అత్యంత కాలుష్యపీడిత ప్రాంతములలో చేర్చినది. అంతకు రెండేండ్లు ముందు, 2007లో, స్వీడను శాస్త్రవేత్తలు పటాన్‌చెరువు ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్సాసిను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు పాళ్ల కంటెను అది హెచ్చు. కోడి నేలను గీరి బ్రతుకు ప్రాణి. నేలలోని సీసమును, క్రొవ్వున కరగు విషములను అది తినిన మేతతో పాటు లోనికి గైకొని పచ్చసొనలో నిలువచేయును. నాటుగ్రుడ్డు ఆరోగ్యమని చంటిబిడ్డకు పెట్టు తల్లికి, తన పెరటి మట్టి ఎట్టిదో తెలిసికొను హక్కు లేదా? వాగు ప్రక్కల, కర్మాగారముల గోడల ప్రక్కల నున్న ఊళ్లలో మట్టిని, గ్రుడ్డును నమూనాలుగా తీసి పరీక్షించి, ఫలితములను పంచాయతీ గోడపై తెలుగులో అంటించుట కాలుష్య నియంత్రణ మండలికి అసాధ్యము కాదు. అట్లు తెలియువరకు గృహిణులు చేయదగినది కొంత కలదు: కోళ్లను మోరీనీటి నుండి మళ్లించి త్రాగుటకు శుభ్రమైన నీరు తొట్టిలో పెట్టుట, మేతను నేలపై చల్లక పళ్లెములో పెట్టుట, కాల్చిన చెత్త బూడిదలో కోళ్లను పొరలనీయకుండుట.

ఇట్టి భూమి మీదికే 2025 ఫిబ్రవరిలో మరియొక భారము వచ్చి పడినది. హైదరాబాదు మహానగరపు చెత్తను పోయుటకై ప్యారానగరు వద్ద పనులు ప్రారంభింపగా, నల్లవల్లి, ప్యారానగరు, గుమ్మడిదల ప్రజలు పనులు మాని దీక్షలకు కూర్చుండిరి. వారి పక్షమున నేను నిలుతును. మన నగరముల చెత్తలో దాదాపు సగము తడిచెత్తయే. కూరగాయల తొక్కలు, అన్నము, ఆకులు. పుట్టిన ఇంటనే వేరుచేసినచో అది మేతయో ఎరువో అగును. ప్లాస్టిక్కుతో కలిపి లారీకెత్తినచో అదియే విషజలమై అడవి చెరువులలోనికి దిగును. ఫ్రాన్సు దేశములోని కోల్మారు పట్టణము 2015 నుండి చెత్త తగ్గించుటకై కోరిన కుటుంబములకు కోళ్లను ఇచ్చుచున్నది. అచ్చటి పాలకులకు కోడి పురపాలన సాధనముగా కనబడగా, మన నగరపాలకులకు కోళ్లు మేయు ఊరే చెత్త పోయు గుంటగా కనబడుట నన్ను బాధించుచున్నది.

ప్రభుత్వము చేయవలసినది పెద్ద పని కాదు. జాతీయ పశుసంపద పథకము క్రింద గ్రామీణ కోళ్ల పెంపకమునకు 25 లక్షల రూపాయల వరకు సబ్సిడీ కలదు; కాని దానికి కనీసము వేయి తల్లికోళ్లుండవలెను. పది కోళ్ల గృహిణికి ఆ పథకములో చోటు లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, గ్రుడ్లకు రేషను పెట్టిన ఇంగ్లాండు, పెరట కోళ్లు పెంచు కుటుంబము తన గ్రుడ్ల రేషనును వదలుకొన్నచో, వంటింటి తొక్కలతో కలిపి పెట్టుటకు తగిన పూరక పిండిని ఇచ్చెను. పూర్తి దాణా ఇయ్యలేదు, కోళ్లను వదలుకొమ్మనలేదు. ఇంట లేనిదానిని మాత్రమే ఇచ్చి, ఇంట నున్నదానిని వాడుకొననిచ్చెను. నేను కోరునది ఇక్కడ అట్టి యేర్పాటే. మండలములోని మహిళా సంఘము ఒకటి పల్లిచెక్క, దంచిన ఎండుచేప, సున్నపురాయి నూక కలిపి పిండిగిర్నీలో ఆడించి, కిలో, రెండు కిలోల పొట్లములుగా కట్టి అమ్మినచో, ప్రతి గృహిణి తన మెతుకులో, తన తవుడులో దానిని కలుపుకొనును. బస్తా కొనలేనివారు పొట్లము కొనగలరు. ఆ లాభమును ఊరిలోనే నిలుచును. సంఘమునకు కావలసిన పెట్టుబడిని బ్యాంకు ఇయ్యగలదు. కలుపు కొలతలను, బూజు పరీక్షను పశువైద్య విశ్వవిద్యాలయము నేర్పగలదు.

కోడిపిల్లల విషయమునను దూరము పోనక్కరలేదు. రాజేంద్రనగరున 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధనాలయము పెరటి కొరకే వనరాజ, గ్రామప్రియ జాతులను రూపొందించినది. అచ్చటనే పశువైద్య విశ్వవిద్యాలయము రాజశ్రీని ఇచ్చినది. నాటుపెట్ట అరువది గ్రుడ్లు పెట్టు చోట ఇవి అదే పెరట నూరు దాటి పెట్టును. అయితే వానిని ఒక్కదినపు పిల్లలుగా పంచి చేతులు దులుపుకొనుట వలన చచ్చునవే హెచ్చు. ఆరు వారములు వెచ్చగా పెంచి, మంచి దాణాతో కాలు నిలద్రొక్కుకొన్న పిదప పంచవలెను.

టీకా యొక్కటి మిగిలినది. కొక్కెర రోగమునకు మొదటి వారమున లాసోటా చుక్కయు, ఎనిమిదవ వారమున ఆర్‌టూబీ సూదియు వేయవలెనని పశువుల దవాఖానలో అందరు చెప్పుదురు. కాని ఆ మందు సీసా నూరు మోతాదులకు తక్కువ దొరకదు, ఒకసారి కలిపిన తరువాత కొద్ది గంటలలో వాడనిచో పనికిరాదు. పది కోళ్లున్న ఇల్లాలు సీసా కొని తొంబది మోతాదులు పారబోయునా? నెలకొక దినము నిర్ణయించి, ఆ దినమున చల్లని వేళ, కోళ్లింకను గంపల క్రింద నుండగానే, దవాఖాన మనిషి మంచుపెట్టెతో వాడ వాడకు వచ్చినచో ఒక్క సీసాతో పది యిండ్లు తీరును. గుమ్మడిదలలో, దోమడుగులో, బొంతపల్లిలో, నల్లవల్లిలో ఆ దినమేదో ముందుగా చాటింపు వేయించిన చాలును. కోళ్లను పట్టి ఉంచు బాధ్యత ఆడువారు చూచుకొందురు.